ఇప్పచెట్టు కింద ఆదివారం

ఖమ్మంలో ఇప్పుడు నేను వెళ్లే చర్చికి రంగు అద్దాల కిటికీలున్నాయి. ఎండాకాలం వస్తే మూలమూలకూ కూలర్లు పెడతారు. పాటల పుస్తకం కూడా మోసుకుపోనక్కర్లేదు, మాటలన్నీ ఎదురుగా తెరమీద పడతాయి. ఇంత సుఖంగా కూర్చొని కూడా నేను సగం ప్రార్థనలో తల తిప్పి వెనక గుమ్మంవైపు చూస్తుంటానట. పక్క కుర్చీలో కూర్చునే ఆవిడ ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

“ఏంది మేడం, మీవాళ్లెవరన్న వస్తున్నరా?”

ఎవరూ రావడం లేదన్నాను. అలవాటు, అంతే అన్నాను. ఆ అలవాటు ఎక్కడిదో చెప్పాలంటే మా నాన్న కట్టించిన చర్చి దగ్గరికి, దానికంటే ముందు మాకు చర్చే లేని రోజుల దగ్గరికి పోవాలి.

మా నాన్న పాస్టరు. ఆయనది తల్లాడ పక్క పల్లె. అమ్మది మధిర వైపు. పెళ్లయిన కొత్తలోనే పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరికి సేవకని వచ్చి అక్కడే ఉండిపోయారు. అప్పట్లో అదంతా ఖమ్మం జిల్లాయే. ఊరికి ఒక పక్క మిరప చేలు, పత్తి చేలు. ఇంకో పక్క వాగు, వాగు అవతల అడవి. మా సంఘమంటే కూలికి పోయే కొన్ని కుటుంబాలు, ఒక టైలరు, ఒక లారీ డ్రైవరు ఇంటివాళ్లు. చర్చి లేదు. వాగు ఒడ్డున ఒక పెద్ద ఇప్పచెట్టు ఉండేది, దాని కిందే ప్రార్థన. నేను హైస్కూలుకు వచ్చేదాకా, అంటే రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత కూడా, నాకు ఆదివారమంటే ఆ చెట్టే.

శనివారం సాయంత్రం అమ్మ వెళ్లి చెట్టు కింద ఊడ్చి నీళ్లు చల్లి వచ్చేది. ఇప్పపువ్వు కాలంలో మాత్రం ఆ ఊడ్చిందంతా దండగ. తెల్లవారుజామున చెట్టు తన పని తాను చేసుకుపోయేది. మేం చాపలు పట్టుకొని వెళ్లేసరికి నేలంతా లేత పసుపు పూలు, కడుపులో తిప్పేంత తీపి వాసన. వాటిమీదే చాపలు పరిచేవాళ్లం. ఆడవాళ్లు కొంగు తలమీద కప్పుకొని ఒకవైపు, మగవాళ్లు ఇంకోవైపు. ఒక డోలక్, ఒక కంజిర, అంతే మా సంగీతం. నాన్న వాక్యం చెబుతుంటే గొడ్లు వాగులోకి దిగేవి, మెడ గంటలు మోగేవి, నాన్న గొంతు పెంచేవాడు. ఒకసారి ఎవరిదో మేక వచ్చి పాటల పుస్తకం అట్ట నమిలేసింది. నాన్న కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్నాడు, చూడలేదు. చూసిన మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. అమ్మ అయితే కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ చెట్టు కిందికే ఒక కోయ అవ్వ వచ్చేది. ఆమెది వాగు అవతల, అడవి లోపలి గూడెం. ఆదివారం మా ఊరి పక్కన అంగడి, అంటే వారపు సంత. ఏ కాలంలో ఏది దొరికితే అది, ఇప్పపువ్వో, చింతపండో, విస్తళ్లు కుట్టే అడ్డాకులో, చీపుర్లో గంపకెత్తుకొని వాగు దాటి వచ్చేది. మొదట్లో గంప దించి కాసేపు నీడకు కూర్చునేదట. తర్వాత తర్వాత ప్రార్థన అయిపోయేదాకా లేచేది కాదు. అప్పటికి అంగడిలో మంచి బేరాలన్నీ అయిపోయి ఉండేవి. “అవ్వా, పొద్దెక్కుతాంది, అంగడికి పోవా?” అని టైలరు అడిగితే, “అంగడేడికి పోతది?” అనేది.

ఆమె మా మతంలో కలవలేదు. కలవాలని అమ్మ అడగనూ లేదు. ఆమె దేవతలు ఆమెకున్నారు. ఒకరోజు చాపమీద కూర్చొని చుట్టూ చూసి అమ్మతో అన్నది, “మా వేల్పు గూడ గిట్లనే చెట్టుకిందనే ఉంటది బిడ్డా. మీ దేవుడు గూడ మా తీరోడే, ఇల్లు వాకిలి లేనోడు.” నాన్నకు ఆ మాట వినపడింది. సంతోషించాలో బాధపడాలో తెలియక డోలక్ తీసి తాళ్లు బిగించడం మొదలుపెట్టాడు.

అమ్మకు ఆ ఊళ్లో మొదటి స్నేహితురాలు ఆ అవ్వే. మధిర యాసతో అమ్మ ఏం మాట్లాడినా ఊరి ఆడవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు, “అయ్యగారి భార్య ఆంధ్రామె” అని వెక్కిరించేవాళ్లు. అవ్వ ఎప్పుడూ నవ్వలేదు. ఆమెకు అమ్మ తెలుగూ ఊరి తెలుగూ ఒకటే, రెండూ పరాయివే. ప్రార్థనలో పాటలు ఎత్తుకునేది అమ్మ. అప్పుడు చంటి తమ్ముడు అవ్వ ఒళ్లో ఉండేవాడు. అవ్వకు పాటల మాటలు రావు, రాగం మాత్రం పట్టేసింది. అమ్మ వెనక సన్నగా, గొంతులోనే కూనిరాగం తీసేది. ఆ కూనిరాగం పక్కన ఉంటేనే అమ్మ గొంతు నిలబడేది. జ్వరమొచ్చి అవ్వ రాని ఆదివారం అమ్మ పల్లవి దగ్గరే శ్రుతి తప్పడం నేను విన్నాను.

ఇంతలో నాన్నకు సిమెంటు పిచ్చి పట్టింది. పిచ్చి అనడం అన్యాయమేలెండి. వానాకాలం ప్రార్థన సగంలో వాన అందుకుంటే చాపలు నెత్తిన పెట్టుకొని టైలరు అరుగుమీదికి పరుగెత్తేవాళ్లం. పసిపిల్లలు తడిసేవాళ్లు. అదొక్కటే కాదు. పాస్టర్ల మీటింగుకు వెళ్లినప్పుడు అందరూ “మీ మందిరం ఎంత పెద్దది?” అని అడిగేవాళ్లట. మా ఊళ్లో కూడా నాన్నకు ‘చెట్టుకింది అయ్యగారు’ అని పేరు పడిపోయింది. పిలిచేవాళ్లు ఎగతాళిగా పిలవలేదేమో, నాన్నకు మాత్రం ముల్లులా గుచ్చుకునేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చొని, “నాలుగు గోడలు లేకపోతే సంఘం నిలవది” అనేవాడు. అమ్మ, “ఇన్నేళ్లూ ఎట్టా నిలిచిందండీ?” అనేది. ఆ ప్రశ్నకు నాన్న ఎప్పుడూ మజ్జిగ పోయమనే జవాబిచ్చేవాడు.

లారీ డ్రైవరు రోడ్డు పక్కన తన జాగా రాసిచ్చాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలెవరూ చర్చి కట్టి చూడు అనలేదు, అది కూడా కలిపి ఉండాల్సింది. మేస్త్రీ పని తప్ప మిగతాదంతా సంఘంవాళ్లే చేశారు. వాగులోంచి ఇసుక మేమే మోశాం. ఆదివారం ప్రార్థన అయ్యాక అవ్వ కూడా అంగడి గంప పక్కన పెట్టి ఇసుక తట్టలు మోసింది. మోకాళ్లెత్తు లేచిన గోడలమధ్య అటూ ఇటూ తిరిగేది, చల్లగా ఉందని కొత్త గచ్చుమీద కాళ్లు చాపుకొని కూర్చునేది. అప్పటికింకా గుమ్మం ఎత్తలేదు.

చర్చి చిన్నదే. కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమా అని మమ్మల్ని మేమే ఓదార్చుకున్నాం. కానీ స్లాబు పడి, సున్నం వేసి, పైన సిలువ నిలబెట్టినరోజు నాన్న దానిచుట్టూ తిరుగుతూ గోడను చేత్తో తడిమి తడిమి చూశాడు. ఆ ముఖం గుర్తొస్తే ఇప్పుడు కూడా ఆయన్ను పూర్తిగా తప్పు పట్టలేను.

ప్రారంభం పెద్దగా చేశాం. ఖమ్మం నుంచి, భద్రాచలం నుంచి పాస్టర్లొచ్చారు. కార్డులు అచ్చువేయించి ఊళ్లోని పెద్దలందరికీ పంచారు. అవ్వకు ఇవ్వాలా అని అమ్మ అడిగితే, “మనోళ్లకు కార్డేంది?” అన్నాడు టైలరు. నిజమే కదా అనుకున్నాం. ఆ రోజు అమ్మ వంటల దగ్గర పొయ్యిముందు ఉండిపోయింది. అవ్వ ఉతికిన చీర కట్టుకొని వచ్చిందట, గేటు దగ్గర కాసేపు నిలబడిందట, తర్వాత కనపడలేదట. ఎవరో చెబితే తెలిసింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి అవ్వ చర్చి ప్రహరీ బయట, గేటు పక్కన గోడ నీడకు కూర్చోవడం మొదలుపెట్టింది. గంప పక్కనే. లోపల నుంచి మైకులో అంతా వినపడేది, గుమ్మంలోంచి మాకు ఆమె కనపడేది. అమ్మ తన పక్కన చాపమీద ఆమె జాగా అలాగే ఉంచి, పాటకూ పాటకూ మధ్య రమ్మని చెయ్యి ఊపేది. అవ్వ బోసినోటితో నవ్వేది, కదిలేది కాదు. ఆమేన్ అన్నాక గంపెత్తుకొని వెళ్లిపోయేది. ఇలా వానాకాలం గడిచింది, చలికాలం వచ్చింది. ఫ్యాన్ల కింద, కీబోర్డు పక్కన, అమ్మ పాట మునుపటిలా లేదు. నాకు చర్చి కొత్తలో గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు. కానీ అమ్మ పక్కన ఆ ఖాళీ జాగా చూసినప్పుడల్లా ఏదో సరిగ్గా లేదనిపించేది.

“వాళ్ల గూడెమోళ్లు ఏమన్న అంటరని భయపడుతున్నది” అన్నాడు నాన్న. “దగ్గరిదాకా వచ్చి గుండె రాయి చేసుకుంటే ఎట్ల?” అని కూడా అన్నాడు. ఒక ఆదివారం ఆ మాట ప్రసంగంలోకే తెచ్చాడు. గుమ్మందాకా వచ్చి లోపలికి రానివాళ్ల గురించి, వాళ్ల మొండితనం గురించి, గేటువైపే చూస్తూ, మైకులో, చాలాసేపు చెప్పాడు. అమ్మ తల వంచుకొని చాప ఈనెలు పీకుతూ కూర్చుంది. ఆమేన్ కాకముందే గేటు పక్క నీడ ఖాళీ అయింది. మరుసటి వారం నుంచి అవ్వ అంగడికి చేలగట్టున పడి పోవడం మొదలుపెట్టింది.

అమ్మ ఎండాకాలం దాకా ఓర్చుకుంది. తర్వాత ఒకరోజు నన్ను వెంటబెట్టుకొని వాగు దాటింది. వాగు ఎండిపోయి ఇసుక కాళ్లు కాలుస్తోంది. గూడెంలో అవ్వ ఇంటి దడి దగ్గరికి వెళ్లి అమ్మ పిలిచింది. లోపలినుంచి, “ఆగు బిడ్డా, ఆడనే ఉండు” అని కేక. సత్తు చెంబుతో నీళ్లు పట్టుకొని అవ్వ బయటికొచ్చింది. మా ఇద్దరి కాళ్లమీద తనే నీళ్లు పోసి, ఎండలో వచ్చినందుకు తిట్టి, అప్పుడు లోపలికి తీసుకుపోయింది. చాపమీద కూర్చోబెట్టి వేయించిన ఇప్పపువ్వు ఆకులో పెట్టింది. అమ్మ తినలేదు.

“అవ్వా, నామీద కోపమా?”

“నీ మీద కోపమేంది బిడ్డా.”

“మరి లోపలికి ఎందుకు రావట్లేదు? నీ జాగా అట్టాగే ఉంచా.”

“పిలిస్తే రానా?”

“ప్రతివారం చెయ్యూపుతూనే ఉన్నాగా!”

“చెయ్యూపితే కుక్క గూడ వస్తది” అన్నది అవ్వ. కోపంగా కాదు, పిల్లలకు విడమరిచి చెప్పినట్టు చెప్పింది. “చెట్టుకింద ఉన్నప్పుడు నన్నెవరు పిలిచిండ్రు? నేనే వచ్చిన. చెట్టుకు గడప ఉన్నదా? గిప్పుడు మీ దేవుడు ఇల్లు కట్టుకున్నడు. మంచిదే. ఇల్లన్నంక ఇంటోళ్లు బయటికొచ్చి కాళ్లకు నీళ్లియ్యాలె గద. నీళ్లియ్యని ఇంట్లకు ఎట్ల వస్త? ఎవరన్న చెంబు పట్టుకొని వస్తరేమో అని గేటుకాడ కూసున్న. ఎవరు రాలే. అయ్యగారు మైకుల తిట్టిండు.”

అమ్మ గుమ్మం పక్కనున్న సత్తు చెంబువైపు చూసింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. అన్ని నెలలు గోడపక్కన కూర్చునే బదులు ఆ ఒక్క మాట ముందే చెప్పొచ్చు కదా, ఇంత పంతమా అనిపించింది. దారిలో అమ్మతో అదే అన్నాను. “నీళ్లియ్యండని ఎవరన్నా అడిగి ఇప్పించుకుంటారటే?” అన్నది అమ్మ. మా ఇళ్లలోనూ వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లిస్తాం. చర్చిని ఇల్లని మేం అనుకోలేదు, దేవుని ఇల్లు అని పాటల్లో పాడటమే గాని.

ఇంటికొచ్చి అమ్మ అంతా నాన్నకు చెప్పింది. విన్నాక ఆయన ముఖం తేటపడింది. “గింతేనా?” అన్నాడు. “గింత దానికి ఇన్నొద్దులు పోగొట్టుకున్నమా? నేనే ఇస్త నీళ్లు.” అమ్మ గూడెందాకా మళ్లీ పోయి ఆదివారం రమ్మని చెప్పివచ్చింది. ఆ వారమంతా ఇంట్లో పండగలా ఉంది. శనివారం అమ్మ పాటలు పాడుకుంటూ చర్చి కడిగింది.

ఆదివారం నాన్న తెల్లబట్టలు వేసుకొని, మా ఇంటి ఇత్తడి చెంబుతో గేటు దగ్గర నిలబడ్డాడు. సంఘమంతా గుమ్మంలో గుమిగూడింది. ఊరి పాస్టరు గూడెం అవ్వ కాళ్లకు నీళ్లు పోయడానికి ఎదురుచూడటం వాళ్లకు కొత్త. టైలరు ఏదో గొణిగాడు గాని ఎవరూ వినిపించుకోలేదు. అవ్వ వచ్చింది. ప్రారంభం రోజు కట్టిందని చెప్పిన చీర అదేనేమో, ఉతికి మడత పెట్టిన చీర. నాన్న వంగి కాళ్లమీద నీళ్లు పోస్తూ, “తప్పయింది అవ్వా” అన్నాడు. మా నాన్న నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ అప్పటికే ఏడుస్తోంది.

అవ్వ గంపలోంచి ఆకుపొట్లం ఒకటి తీసి నాన్న చేతికిచ్చింది. విప్పితే ఇప్పపువ్వు. చెట్టు కింద కూర్చున్న అన్నేళ్లలో ఆమె మాకెప్పుడూ ఏదీ పట్టుకురాలేదు, మేం ఆమెకు ఏదీ పెట్టలేదు. నాన్న మురిసిపోయి ఆ పొట్లం బల్లమీద పెట్టాడు. ఆమె గుమ్మంలో తల వంచి లోపలికొచ్చి అమ్మ పక్కన తన జాగాలో కూర్చుంది. కాళ్లు మడిచి, చేతులు ఒళ్లో పెట్టుకొని, వీపు నిటారుగా. చెట్టు కిందయితే కాళ్లు చాపి, రాలిన పూలు ఏరుకుంటూ, తమ్ముణ్ణి జోకొడుతూ కూర్చునేది. అమ్మ పాట ఎత్తుకుంది. పాడుతూ పక్కకు చూసింది. అవ్వ గొంతులోంచి ఏ రాగమూ రాలేదు. ఎదురుగా చూస్తూ, అంతా మర్యాదగా విన్నది.

ప్రార్థన అయ్యాక అందరికీ చాయ్ పోశాం. అవ్వ తాగి గ్లాసు బోర్లించి లేచింది.

“ఇల్లు మంచిగున్నది బిడ్డా. సల్లగున్నది.”

“వచ్చే ఆదివారం నేనిస్తా నీళ్లు” అన్నది అమ్మ.

“ఇంకెందుకు బిడ్డా? పిలిచిండ్రు, వచ్చిన, చూసిన. చుట్టపుచూపుకు వారం వారం వస్తరా?”

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వు చుట్టానివేంది అవ్వా?” అన్నది. ఇన్నేళ్లలో మొదటిసారి అమ్మ నోట ఆ ఊరి తెలుగు వచ్చింది. అవ్వ నవ్వి, అమ్మ తల నిమిరి, గంప ఎత్తమన్నది. ఎత్తి తలమీద పెట్టాం. రోడ్డు దాటి అంగడివైపు నడిచి వెళ్లిపోయింది. తర్వాత కూడా కనపడితే ఆగి పలకరించేది, తమ్ముణ్ణి అడిగేది. చర్చి గేటు దగ్గర మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు.

నీళ్లివ్వక ఆమెను బయట కూర్చోబెట్టాం అనుకున్నాం. నీళ్లిచ్చి పూర్తిగా పంపేశాం. ఇందులో ఎవరిది తప్పని ఇప్పటికీ తేల్చుకోలేను. నాన్న మంచి మనసుతోనే చేశాడు, ఆమె మంచి మనసుతోనే వచ్చింది. అదే ఎక్కువ బాధ.

ఆ మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయాక మేం నలుగురమే చర్చిలో మిగిలాం. అమ్మ చాపలు చుడుతూ చుడుతూ ఆగి, నాన్నను అడిగింది.

“మళ్లీ చెట్టు కిందికి పోదామా అండీ?”

నాన్న గోడలవైపు చూశాడు. పైకి, స్లాబు వైపు చూశాడు.

“ఇంత కట్టినంక ఎట్ల పోతం?”

అమ్మ చేతిలో చాప చుట్టి గోడకు ఆనించింది. వెళ్లి ఫ్యాన్లు ఆపేసింది.